ఏడో గడి

జూన్ ఆరు. బోరబండ సైట్ త్రీ.
బడి ఇంకా తెరవలేదు, రిజిస్టర్ తెరిచాం.
మొదటి గడిలో ఇంటి నంబరు,
మూడోదాంట్లో పిల్ల పేరు, ఐదోదాంట్లో వయసు.
ఏడో గడిలో ఒకటే ప్రశ్న:
ఎక్కడ చదువుతున్నది?

నేను ఈ బడికి కొత్తగా వచ్చిన ఏడు
ఇదే గల్లీలో 'స', 'స' అని రాసుకుంటూ పోయేదాన్ని.
స అంటే సర్కారు.
ఎక్కడో ఒక 'ప్రై' తగిలితే
కిరాణా కొట్టు వాళ్లింటి పిల్లా అని అడిగేవాళ్లం.
ఇప్పుడు ప్రై రాసి, దాని కింద
పైన రాసిందే అని రెండేసి చుక్కలు.
పేజీ నిండా చుక్కలు.
దూరం నుంచి చూస్తే చీమలు బారుకట్టి
ఎటో తరలిపోతున్నట్టు.

బాలమణిది డాబా మీది రేకుల గది.
అపార్ట్‌మెంట్లలో ఆరిళ్లు తోముతుంది.
మెట్లెక్కి ఆయాసం తీర్చుకునేలోపే చూశాను,
గడప ముందు నాకంటే ముందొచ్చిన మనిషి.
మెడలో ట్యాగు, చేతిలో నిగనిగలాడే కరపత్రాలు:
గ్రీన్ డవ్ టెక్నో స్కూల్, నర్సరీ నుంచి ఏడు దాకా.
ఆట స్థలం లేదు గానీ
ఆట స్థలం బొమ్మ ఉంది.

తిరిగి చూసింది. నిఖత్!
మా బడిలో రెండో బెంచీ,
పదమూడో ఎక్కం తడబడకుండా అప్పజెప్పిన నిఖత్.
"నమస్తే టీచర్" అంటూ కరపత్రాలు వీపు వెనక దాచింది,
చూచిరాత దొరికిపోయిన పిల్లలా.

జీతం ఎంతే అన్నాను.
"ఎనిమిది వేలు టీచర్.
పది అడ్మిషన్లు తెస్తేనే జూన్‌ది ఇస్తరు."
నాకెన్ని కావాలో నేను చెప్పలేదు.
ఇరవై దాటకపోతే ఉన్న ఇద్దరిలో ఒకరిని సర్దుతారు.
సర్దడం అనేది మా శాఖలో చాలా మెత్తటి మాట.

ఫీజు లేదమ్మా, మొదలుపెట్టాను,
పుస్తకాలు మేమే ఇస్తాం, రెండు జతల బట్టలు,
అన్నం, వారానికి మూడు గుడ్లు,
ఇంగ్లీషు మీడియమే మాది కూడా.
నా గొంతు నాకే
కూరగాయల బండి మైకులా వినబడింది.

బాలమణి తడి చేతులు కొంగుకు తుడుచుకుంది.
"గుడ్లు నేను కొంట టీచరమ్మా.
ఐదు తరగతులకు మీరెంతమంది?"
ఇద్దరం.
"ఒకామె మీటింగుకు పోతే?"
ఒక్కరం.
"ఇగో, ఇట్ల సర్వేకొస్తే?"

ఆ జవాబుకు రిజిస్టర్‌లో గడి లేదు.

ఆమె నిఖత్ వైపు తిరిగింది.
"నువ్వు యాడ చదివినవ్ బిడ్డా?"
నిఖత్ నన్ను చూసింది, నేల చూసింది.
"టీచర్ దగ్గరనే."
"మంచిగనే చెప్పింది మరి."
కింద గల్లీలో స్కూటర్ ఏదో ఎంతకీ స్టార్టు కావడం లేదు.
ముగ్గురం దాన్నే విన్నాం కాసేపు.

పద్నాలుగు వేలు, మూడు విడతలు.
చిట్టీ పాడింది, ఒక్కరికే సరిపోతుందట.
"చిన్నోణ్ని ఆమెకు రాయిస్త.
పెద్దదాన్ని నువ్వు తీస్కపో."

పెద్దది అప్పటిదాకా గుమ్మంలో కూర్చుని
కరపత్రం మీద అక్షరాలు కూడబలుక్కుంటోంది.
రిత్విక, ఎనిమిదేళ్లు,
రెండేళ్లు అక్కడే చదివింది, రెండో ర్యాంకు.

ఏడో గడిలో చుక్కలు ఆపి
'స' అని గుండ్రంగా రాశాను.
పందొమ్మిది.
ముందు సంతోషమే వేసింది, అబద్ధమెందుకు.
ఆ తర్వాతే పెన్ను మూత ఎంతకీ దొరకలేదు.

మెట్లు దిగుతుంటే నిఖత్ నా సంచి అందుకుంది.
నాకొకటి, తనకొకటి.
ఎవరం ఎవరి దగ్గర తీసుకున్నామో
ఇద్దరం మాట్లాడలేదు.

పిట్టగోడ మీంచి ఆ పిల్ల వంగి అరిచింది:
"టీచర్, మీ బళ్లె టై ఉంటదా?"